జానకమ్మ దవాఖానకు ఎప్పుడు పోతది?

శనివారం పొద్దున నిస్సీకి మెలకువ వచ్చేసరికి వంటింట్లోంచి జొన్నరొట్టె తట్టే చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, తను నారాయణఖేడ్‌లో ఉన్నానని, హైదరాబాద్ హాస్టల్ గదిలో కాదని ఆమె ప్రాణం కుదుటపడుతుంది. కానీ ఇవాళ ఆ చప్పుడు ఎప్పటిలా లేదు. ఒక చెయ్యి తడుతుంటే ఇంకో చెయ్యి రొట్టెను తిప్పుతూ పోవాలి. ఇది ఆగి ఆగి వస్తోంది.

లేచి వెళ్ళి చూస్తే తల్లి రిబ్కమ్మ ఎడమ చేతిని ఒంటికి ఆనించుకుని, తట్టడం తిప్పడం రెండూ కుడి చేతితోనే చేస్తూ అవస్థ పడుతోంది.

"చెయ్యికి ఏమైందమ్మా?"

"ఏం గాలే. నీళ్ళ బిందె లేపిన, నరం పట్టింది. నువ్వు మొకం కడుక్కో పో, రొట్టె సల్లారుతది."

నిస్సీ ముఖం కడుక్కోవడానికి పోయింది. అడగవలసింది అడిగానులే అనుకుంది. మనం ఇంట్లోవాళ్ళను అడిగే ప్రశ్నలు చాలామటుకు ఇలాంటివే. జవాబు రాగానే బరువు దిగిపోయినట్టుంటుంది.

తండ్రి ప్రేమదాసు అప్పటికే పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాట్లాడినా బస్సులో వెనక సీటు దాకా వినిపించాలన్నట్టే మాట్లాడతాడు.

"నీ సీరియల్ తోని నన్ను బజార్ల తిరగనిస్తలేరు బిడ్డా! హోటల్ కాడ చాయ్ తాగుదామంటే, జానకమ్మ బతుకుతదా సస్తదా అని గదే పంచాయితీ. నాకు తెల్వదయ్యా అంటే ఒక్కడు నమ్ముతలేడు. కన్నబిడ్డ తండ్రికి చెప్పదా అంటుండ్రు."

నిస్సీ నవ్వింది గాని ఆ నవ్వులో సంతోషం లేదు. ఆమె మాటలు రాసే సీరియల్ పేరు 'పున్నమి వాకిలి'. అందులో జానకమ్మ అనే తల్లికి రొమ్ములో గడ్డ లేస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పదు. కూతురి పెళ్ళి అయ్యేదాకా ఎవరినీ కలవరపెట్టకూడదని నోరు మూసుకుంటుంది. ఆ పాత్ర పూర్తిగా నిస్సీ కల్పించినదే. దాని వెనక ఆమె చిన్ననాటి కోపం ఒకటి ఉంది.

నిస్సీ అమ్మమ్మ సలోమి సిర్గాపూర్‌లో ఇలాగే జబ్బు దాచుకుని చనిపోయింది. చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడటానికి లేచినవాళ్ళందరూ ఒక్కటే చెప్పారు. చివరిదాకా నోరు తెరవలేదు, ఎవరినీ తిప్పలు పెట్టలేదు, ఎంత పుణ్యాత్మురాలు అని. రిబ్కమ్మ కూడా ఆ మాటను గొప్పగానే చెప్పుకుంటుంది. అది విన్నప్పుడల్లా నిస్సీకి ఒళ్ళు మండిపోయేది. నోరు తెరిస్తే అమ్మమ్మ బతికేది కదా అని ఒక్కరూ అనలేదే! అందుకే జానకమ్మను పుట్టించింది. ఆమె మూర్ఖత్వం చూసి ఆడవాళ్ళకు కోపం రావాలి, భయం వేయాలి, తెల్లారి లేచి దవాఖానకు పోవాలి. అదీ ఆమె తలచింది.

జరిగింది ఇంకొకటి. జనం జానకమ్మకు దండాలు పెట్టడం మొదలుపెట్టారు. ఛానల్ ఆఫీసుకు ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. ఫేస్‌బుక్‌లో ఆమె పేరుతో పేజీ వెలిసింది. అమ్మంటే ఇలా ఉండాలి అని రోజూ ఎవరో ఒకరు ఆమె బొమ్మ పెడతారు. ఒకసారి నిస్సీ ఉండబట్టలేక మారుపేరుతో, ఈమెను చూసి జాగ్రత్తపడమని రాశారు గాని పూజించమని కాదు అని అక్కడ రాసింది. వెంటనే ఎవరో అమ్మాయి, మీకు సీరియల్ అర్థం కాలేదు, రాసినవాళ్ళ ఉద్దేశం వేరు అని నిస్సీకే పాఠం చెప్పింది.

నిర్మాతకు మాత్రం పండగ. దాచుకునే కథ బాగా నడుస్తోంది, ఇంకా సాగదీయమన్నాడు. నిస్సీ సాగదీసింది. అద్దం ముందు జానకమ్మ కన్నీళ్ళు తుడుచుకునే సీన్లు ఎన్ని రాసిందో ఆమెకే గుర్తులేదు. ఇప్పుడిక ముగింపు కావాలట. అమ్మవారి ముందు జానకమ్మ దీపం పట్టుకుని ప్రదక్షిణలు చేస్తే గడ్డ మాయమైపోవాలట. చచ్చినా రాయను, ఆమెను చంపేస్తాను అని నిస్సీ పోట్లాడి ఊరికి వచ్చేసింది.

రిబ్కమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ, ఇటు చూడకుండానే అడిగింది. "జానకమ్మ దవాఖానకు ఎప్పుడు పోతదే?"

నిస్సీకి విసుగొచ్చింది. ఆదివారం చర్చి విడిచాక తల్లి ఫోన్ చేసి అడిగేదీ ఇదే మాట.

"నువ్వు గూడ గదే అడుగుతవేందమ్మా? ముందుగాలనే చెప్తే మజా ఏముంటది?"

"మజా కోసం గాదే. జర జల్దీ పంపరాదూ ఆమెను."

"నా చిన్నప్పటి సంది నువ్వు గంతే. బొమ్మల కథ చదివి చెప్తే వినకపోతుంటివి, నీ కథ నువ్వే చెప్తుంటివి."

ఆ మాట నిజమే. నిస్సీ చిన్నప్పుడు పిల్లల మాసపత్రికలో బొమ్మల కథలు వచ్చేవి. రిబ్కమ్మకు చదువు రాదు. కూతురు బుడగల్లోని మాటలు చదివి వినిపిస్తుంటే, ఆమె బొమ్మ మీద వేలు పెట్టి, గీ నక్క ఉపాయం చేస్తలేదే, ఆకలైతుంది దానికి, మొకం చూడు అనేది. రాసినవాళ్ళు నక్క మోసం చేసిందన్నారమ్మా అంటే, గీసినాయనకు తెల్వక గీసిండు అనేది. అప్పుడు తల్లీకూతుళ్ళు పడీపడీ నవ్వుకునేవాళ్ళు. ఇవాళ నిస్సీకి నవ్వు రాలేదు. లోకమంతా నక్క ముఖమే చూస్తే రాసినవాళ్ళు ఏమైపోవాలి అనుకుంది.

ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో స్త్రీల ప్రార్థన కూటం ఉంది. వారానికి ఒకరి ఇంట్లో జరుగుతుంది, ఈసారి రిబ్కమ్మ వంతు. చాపలు పరిచారు. ఎదురింటి కిష్టవ్వ కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఆమె చర్చి మనిషి కాదు గాని, ప్రార్థన అయ్యాక టీవీలో 'పున్నమి వాకిలి' మళ్ళీ వేస్తారు, వాళ్ళింట్లో టీవీ పాడైంది.

పాట అయ్యాక, ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ వచ్చింది. ఒకామె కందిచేను కోసం, ఒకామె హైదరాబాద్‌లో కూలికి పోయిన కొడుకు కోసం అడిగింది. రిబ్కమ్మ వంతు వచ్చింది. ఆమె కొంగు సర్దుకుని, తల వంచుకుని, నెమ్మదిగా చెప్పింది.

"గా జానకమ్మ కోసం చేయుండ్రి. రొమ్ముల గడ్డ ఉంది. ఎవ్వలకు చెప్పుకోలేకపోతుంది. మస్తు భయపడుతుంది."

ఎవరూ నవ్వలేదు సరికదా, అందరూ కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మా జానకమ్మను ముట్టి బాగుచెయ్యి తండ్రీ" అని ఒకామె ఏడుపు గొంతుతో అందుకుంది. కొంగులు కళ్ళ మీదికి వెళ్ళాయి. గడప దగ్గర కిష్టవ్వ, "నేను గూడ బోరంచ నల్లపోచమ్మకు మొక్కిన, ఆమెకు బాగైతే కోడిని ఇస్తనని" అంటూ రెండు చేతులూ జోడించింది.

నిస్సీకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామనుకుంది గాని పైకే వచ్చేసింది. వెనకే కోపం కూడా వచ్చింది.

"ఆపుండ్రి! ఎవలికి చేస్తుండ్రు ప్రార్థన? జానకమ్మ లేదు! నేను రాసిన కాయిదాల మీద తప్ప ఎక్కడ లేదు!"

స్త్రీలు కళ్ళు తెరిచి బిత్తరపోయి చూశారు.

"ఆమె దేవత గాదు. మూర్ఖురాలు. ఆమెను చూసి బుద్ధి తెచ్చుకుంటరని రాసిన. మీరేమో మొక్కుతుండ్రు. ఆమెను చంపేస్త. వచ్చే వారమే చంపేస్త. అప్పుడన్న మీకు అర్థమైతది."

"చంపుతవా?" కిష్టవ్వ లేచి నిలబడింది. "ఏం పాపం చేసిందే ఆమె? పిల్లల కోసం కడుపుల పెట్టుకున్నది. నీకేం తెలుస్తది తల్లి మనసు?"

"చెప్పకపోవుడే పాపం అత్తా! నా తల్లే గీ పిచ్చి ప్రార్థన అడగవట్టె, నేనెవలికి చెప్పాలె?"

రిబ్కమ్మ తలెత్తలేదు. ఆమె ముఖం బూడిద రంగుకు తిరిగింది. మెల్లగా లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. చాయ్ తాగకుండానే స్త్రీలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాకిట్లో ప్రేమదాసు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నిస్సీ కోపం ఇంకా చల్లారలేదు. తల్లి వెనకే గదిలోకి వెళ్ళింది.

"నా పని నీకు నవ్వులాట లెక్కైందా అమ్మా? లేని మనిషికి ప్రార్థన ఏంది?"

రిబ్కమ్మ మంచం అంచు మీద కూర్చుని ఉంది. "లేదనకు బిడ్డా" అంది. "నువ్వు నన్ను చూసే రాసినవనుకున్న."

"నిన్ను చూసి ఏం రాసిన?"

రిబ్కమ్మ కూతురి చెయ్యి పట్టుకుని తన ఎడమ చంక కింద, రవిక మీద పెట్టింది. అక్కడ రాయిలాంటిది చేతికి తగిలింది. నిస్సీ చెయ్యి లాక్కోబోయి, లాక్కోలేక అలాగే ఉండిపోయింది.

"ఎప్పటి సంది?" అంది నిస్సీ.

"పోయిన క్రిస్మస్ కంటె ముంగటనే. పండుగకు నువ్వొచ్చినప్పుడు నేను చీర మార్చుకుంటుంటె తలుపు తీసినవ్ గద? నువ్వు చూసినవనుకున్న. తర్వాత కొన్ని దినాలకే టీవీల జానకమ్మకు గడ్డ వచ్చింది. నా బిడ్డకు ఎరుకైంది, నోటితోని అడగలేక గిట్ల చెప్తుంది అనుకున్న."

"ఏం చెప్తున్ననుకున్నవమ్మా?"

"మా అవ్వ లెక్క ఓర్చుకొమ్మని. అంత మంచిగ రాస్తివి గద ఆమెను. అందరు మొక్కవట్టిరి. నాకు గూడ ధైర్యమైంది. నువ్వు ఆమెను దవాఖానకు పంపినప్పుడు, ఇగ నన్ను గూడ పొమ్మన్నట్టే అనుకున్న. ప్రతి ఆదివారం అడిగిన గద బిడ్డా, ఎప్పుడు పంపుతవని."

నిస్సీ నేల మీద కూలబడింది. ముందే చెప్తే మజా ఏముంటది! ఎన్ని ఆదివారాలు తను ఆ మాట అని నవ్వి ఫోన్ పెట్టేసిందో! అక్కడ తను కథను సాగదీసిన ప్రతి వారం ఇక్కడ ఈ గడ్డ పెరిగింది. ఊళ్ళో జనానికి తన రాత అర్థం కాలేదని మండిపడింది. కన్నతల్లి ఒకే ఒక్క మాటను అన్నిసార్లు అడిగితే తనకే అర్థం కాలేదు. ఇందాక ప్రార్థనలో ఆ తల్లి తన ప్రాణాన్ని ఇంకొకరి పేరు పెట్టి అడుక్కుంటే, తను నవ్వింది.

"నాకు తెల్వదమ్మా. నేను చూడలే. దేవుని తోడు, నేను చూడలే" అని తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది.

"ఏడ్వకే. నేనే తప్పు సమజ్ చేసుకున్న" అని రిబ్కమ్మ ఆమె తల నిమిరింది. అది మరీ భరించలేకపోయింది నిస్సీ.

సోమవారం పొద్దున్నే హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ, ప్రేమదాసును నిస్సీని బయట వరండాలోకి పిలిచింది. పోయిన ఎండాకాలం వచ్చి ఉంటే వేరేలా మాట్లాడేదాన్ని అంది. ఇప్పుడు కాలేయం దాకా పాకింది, మందులు ఇస్తాం, నొప్పి తెలియకుండా చూస్తాం, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు అంది. ప్రేమదాసు గోడకు ఆనుకుని, టవల్ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నిస్సీ కళ్ళు తుడుచుకుని వార్డులోకి వెళ్ళింది.

"ఏమన్నది డాక్టరమ్మ?" రిబ్కమ్మ అడిగింది.

"మందులతోని మంచిగైతదన్నదమ్మా."

రిబ్కమ్మ ఆమెను కాసేపు చూసి, సరేనన్నట్టు తలూపింది.

మందులు మొదలయ్యాక రిబ్కమ్మ జుట్టు రాలిపోయింది. తలకు కండువా కట్టుకుని పడుకునేది. అటు నిర్మాత ఫోన్లు ఆగలేదు. పాత సీన్లే తిప్పి తిప్పి వేస్తున్నాం, ముగింపు పంపుతావా, ఇంకొకరితో రాయించుకోనా అన్నాడు. ఒక మధ్యాహ్నం నిస్సీ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని రాసింది. దీపం, ప్రదక్షిణలు, గడ్డ మాయం, అన్నీ రాసింది. జానకమ్మ బతకాలని మొక్కినవాళ్ళ మీద ఆమెకు ఇప్పుడు కోపం లేదు. తనకూ అదే కావాలి. రాస్తే అవుతుందంటే రోజుకొకటి రాసేది.

"ఏం రాస్తున్నవే? బొమ్మల కథ లెక్క చదివి చెప్పు."

నిస్సీ చదివింది. జానకమ్మ లేచి కూర్చుని నవ్వే చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివింది. రిబ్కమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"అబద్ధం రాసినవ్ బిడ్డా."

"దేవుడు చెయ్యడా అమ్మా?"

"దేవుడు చేస్తె కాదనేటందుకు నేనెవలను? గాని గిది దేవుడు చేసింది గాదు, నువ్వు చేసింది." ఆయాసం తీర్చుకుని పక్క మంచం వైపు చూపించింది. అక్కడ కంగ్టి నుంచి వచ్చిన శివమ్మ పడుకుని ఉంది. "గామె గూడ దాచుకున్నదేనట. గిది టీవీల వస్తె ఇంకొకామె ఇంట్ల కూసుంటది, నా లెక్క. నువ్వు ముందుగాల అనుకున్నట్టే రాయి. చంపు జానకమ్మను."

"నాతోని గాదు. నిన్ను గిట్ల పెట్టుకుని ఆమెను ఎట్ల చంపుత?"

"ఆమె సస్తె నేను సస్తనా? నువ్వే అన్నవ్ గద, ఆమె లేదని."

నిస్సీ ఆ కాగితాలు చింపేసింది. తల్లి చూస్తుండగానే మళ్ళీ రాసింది. ఆఖరికి జానకమ్మ ఏమంటది అని రిబ్కమ్మ అడిగితే, ముందే చెప్పాల్సింది అంటది అని చెప్పింది. "గట్లనే రాయి" అంది రిబ్కమ్మ. నిర్మాత మొదట ఒప్పుకోలేదు. చావును కూడా జనం ఎగబడి చూస్తారని ఎవరో చెబితే ఒప్పుకున్నాడు.

ఆ ముగింపు వచ్చిన రోజు మధ్యాహ్నం వార్డులో గోడకున్న టీవీ ముందు నర్సులతో సహా అందరూ చేరారు. జానకమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, "ముందే చెప్పాల్సింది, నాదే తప్పు" అని కళ్ళు మూసింది. వార్డంతా ఏడ్చింది. నిస్సీ తెరను చూడలేదు, ఆ ముఖాలనే చూసింది. ఈసారైనా చేరిందా అని.

శివమ్మ ముక్కు చీదుకుని, కాళ్ళ దగ్గర కూర్చున్న కూతురితో అంది. "ఎంత తల్లి చూడే! పెండ్లి అయ్యేదాక నోరు విప్పలే. దేవత."

అవును దేవతే అన్నారు అందరూ. నిస్సీ ఫోన్ మోగింది. నారాయణఖేడ్ నుంచి కిష్టవ్వ. "చంపితివి గదనే పాపిష్టిదానా! పోనీ, మా జానకమ్మ సచ్చి గూడ దేవతైంది" అని ఏడుస్తోంది. నిస్సీ ఫోన్ ఆపేసింది. చంపినా అంతే. తప్పు నాదే అని ఆమె నోటితోనే చెప్పించినా అంతే. ఇక రాసి ఏం లాభం, ఎవరికోసం రాయాలి అనిపించింది. అంత ఒంటరితనం ఆమెకు ఎప్పుడూ తెలియదు.

అప్పుడు మంచం మీద కదలిక వినిపించింది. రిబ్కమ్మ కుడి చెయ్యి ఊతంగా లేవబోతోంది. నిస్సీ పట్టుకుని కూర్చోబెట్టింది. రిబ్కమ్మ తలకు కట్టిన కండువా విప్పేసింది. వెంట్రుక లేని ఆ తలను అందరూ చూస్తుండగా, చర్చిలో కూడా ఎన్నడూ నలుగురి ముందు గొంతెత్తని మనిషి గట్టిగా అంది.

"దేవత గాదవ్వా. పిచ్చిది. నేను గూడ గంతే చేసిన. గిది రాసింది నా బిడ్డనే. మెచ్చుకొమ్మని రాయలే, భయపడమని రాసింది. నాకే సమజ్ గాలే. మీరన్న సమజ్ చేసుకోండ్రి."

శివమ్మ కళ్ళు దించుకుంది. ఆమె కూతురు తల్లి పాదం మీద చెయ్యి వేసి, "నాకెందుకు చెప్పకపోతివమ్మా" అని గట్టిగా ఏడ్చింది. ఎవరో టీవీ ఆపేశారు.

రిబ్కమ్మ దిండుకు ఒరిగి ఊపిరి తీసుకుంది. నిస్సీ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఇగ నువ్వు చెప్పు" అంది రిబ్కమ్మ.

"ఏం చెప్పాలె?"

"ఆ దినం డాక్టరమ్మ ఏమన్నది? మీ నాయిన కండ్లు చూసిన నేను. మంచిగైతదన్నదని చెప్తివి. దాచకు బిడ్డా. మా అవ్వ దాచె, నేను దాస్తి. నువ్వన్న దాచకు."

నిస్సీ తల్లి ముఖంలోకి చూసింది. అబద్ధం ఇంకొకటి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, డాక్టరమ్మ అన్నదంతా చెప్పింది.